ఎర్రపెట్ట పొదుగులో ఉన్న మూడు వారాలు

మా ఊళ్ళో నక్క వచ్చి వెళ్ళిందంటే ఆనవాళ్ళు మిగిల్చి వెళ్ళేది. గూటి ముందు చెదిరిన ఈకలు, కంచె దాకా ఈడ్చుకుపోయిన చార, గోడ మొదట్లో తవ్విన మట్టి. మా అమ్మ వాటిని చూసి వచ్చింది నక్కో, బావురుపిల్లో, ముంగిసో చెప్పగలిగేది. ఆమె బడి మొహం చూడలేదు. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. అయినా కోళ్ళ విషయంలో నాకున్న చదువంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే. అందువల్ల సింగపూర్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి పెరట్లో మొదటి కోడి మాయమైన ఉదయం, ఆఫీసు బట్టలతోనే గూటి ముందు గొంతుక్కూర్చుని ఈకల కోసం వెతికాను.

ఒక్క ఈక కూడా లేదు.

ఆ ఇల్లు హౌగాంగ్ వైపు, పాత ఒంటి అంతస్తు ఇళ్ళ వరుసలో చివరిది. ముందు గది నాది. తక్కిన ఇల్లంతా ఆంటీది. ఆంటీ వాళ్ళది తాతల నాడే ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆమె తెలుగులో తమిళ, మలయ్ మాటలు పప్పులో తాలింపు గింజల్లా అక్కడక్కడా తగులుతుంటాయి. పెరటి గోడ వెనక ఒక పెద్ద వాననీటి కాలువ ఉంది. దాన్ని ఆవిడ ‘లాంకాంగ్’ అంటుంది. ఆ గోడకు ఇవతల రేకుల షెడ్డు, షెడ్డు పక్కన కోళ్ళ గూడు. గూట్లో నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. అవన్నీ ఆంటీ అత్తగారు పెంచిన నాటుకోళ్ళ సంతతి. ఈ ఊళ్ళో వండిన కోడి ఏ హాకర్ సెంటర్‌లోనైనా దొరుకుతుంది గాని, బతికున్న నాటుకోడి కావాలంటే ఎవరిని అడగాలో ఆంటీకి కూడా తెలియదు. ఒకటి పోతే ఇంకోటి తెచ్చుకునే వీలు లేదు.

ఆ ఉదయం ట్రైనులోంచి అమ్మకు ఫోన్ చేశాను.

“ఈకలు రాలాయా?” అంది అమ్మ.

“లేదమ్మా.”

“నెత్తురు?”

“అదీ లేదు.”

“అయితే రెండు కాళ్ళ నక్కే! ఎవడో గోడ దూకి ఎత్తుకుపోయాడు. మీ ఊరు పెద్ద ఊరని గొప్పలు పోతావు గదా, చూడు మరి.”

సాయంత్రం ఆ మాట చెబితే ఆంటీ పొట్ట పట్టుకుని నవ్వింది. “అయ్యో అమ్మాయ్! ఈ ఊళ్ళో కోడి దొంగా? వాడికేం కర్మ? వాడి ఫ్లాట్ కిందికి దిగితే చికెన్ రైస్. దొంగతనం చేసి, ఈకలు పీకి, కడిగి, వండి… అంత ఓపిక ఉన్నవాడు దొంగెందుకు అవుతాడు?” అంతలోనే నవ్వు ఆపి గోడ వైపు చూసింది. “పాము. లాంకాంగ్‌లోంచి వచ్చింది. నమిలేది కాదు గదా, ఈక ఎందుకు రాలుతుంది?”

ఆమె చెప్పింది విన్నాను. విని కూడా నా చేతులు వాటికి తెలిసిన పనే చేశాయి. ఆ ఆదివారం గూటి చుట్టూ జానెడు లోతున మట్టి తీసి ఇటుకలు పరిచాను, అడుగు నుంచి ఏదీ తవ్వుకుని రాకూడదని. తలుపుకు అడ్డగడియ పెట్టి, దానికి ఆనించి బండరాయి వేశాను. మా అమ్మ కోళ్ళ గంప మీద రాయి పెట్టినట్టే. పని పూర్తయ్యాక దూరంగా నిలబడి చూసుకుంటే తృప్తిగా అనిపించింది. నక్కలు లేని దేశంలో నక్క చొరబడలేని గూడు కట్టాను. నక్క పైకి ఎక్కదు కాబట్టి పైన చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. రేకుకూ గోడకూ మధ్య గాలి ఆడటానికి వదిలిన అరచేయంత సందు అలాగే ఉండిపోయింది.

ఆ సందులోంచే వచ్చి పుంజును తీసుకుపోయింది.

తలుపు వేసింది వేసినట్టే ఉంది. రాయి కదలలేదు. లోపల మూడు పెట్టలు ఒక మూలకు ఒదిగి, మెడలు సాచి పైకే చూస్తున్నాయి. గోడ మీద, సందు దగ్గర, పొలుసుల గుర్తులతో పల్చటి కుబుసం ముక్క ఒకటి గాలికి ఊగుతోంది. ఆంటీ దాన్ని వేళ్ళతో పట్టుకుని చూసి, కింద పడేసి, “హబీస్” అంది. ‘అయిపోయింది’ అని. ఆమె గొంతు ఎప్పుడూ ఖంగుమంటుంది. ఆ ఒక్క మాట మాత్రం పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.

పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెడతాయి గాని ఆ గుడ్లలోంచి పిల్లలు రావు. ఆంటీ అత్తగారి చేతి మీదుగా వచ్చిన ఆ సంతతి, ఉన్న మూడు పెట్టలతో ఆగిపోతుంది. ఆంటీ బాధ అదే.

అయితే పుంజు పోయాక కూడా కొన్నాళ్ళ పాటు పెట్టే గుడ్లు పనికొస్తాయని ఆమెకు తెలుసు. ఆ వారమంతా ఒక్క గుడ్డు కూడా వంటింట్లో పగలలేదు. వరండాలో పీట మీద బియ్యం పోసిన గిన్నెలో వాటిని నిలువుగా గుచ్చి దాచింది. ఆదివారం కొడుకు వచ్చి ఆమ్లెట్ వేసుకుందామని చెయ్యి చాస్తే ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

కొడుకు దగ్గర్లోనే ఫ్లాట్‌లో ఉంటాడు. నాకంటే పెద్దవాడు, నేను అన్నయ్య అని పిలుస్తాను. “అమ్మా, ఎనఫ్ లా. ప్రతిసారీ పాము వస్తుంటే నువ్వు పెరట్లో ఒంటరిగా తిరుగుతున్నావ్. ఈ మూడూ ఎవరికైనా ఇచ్చేద్దాం” అన్నాడు.

“నిన్ను ఇచ్చేస్తా ఎవరికైనా. కోళ్ళను ఇవ్వను.”

“సరే. ఇంకొక్కటి పోయిందంటే మాత్రం నేను అడగను, తీసుకెళ్ళిపోతా. ప్రామిస్?”

ఆంటీ నా వైపు చూసింది. నాకు ఆ ఇంట్లో మాట్లాడే హక్కు లేదు, నేను అద్దె మనిషిని. అయినా “ఇంకొకటి పోదు అన్నయ్యా” అన్నాను. అన్న తరువాత, ఆ మాటను నిలబెట్టడమే నా పని అయింది.

మూడు పెట్టల్లో ఎర్రది ఆ వారమే పొదుగుకు వచ్చింది. దగ్గరికి వెళితే ఈకలు ఉబ్బించి గుర్రుమనేది. గూట్లో ఎక్కడ కూర్చోబెట్టినా లేచి వచ్చేసి, షెడ్డు కింద వాడకుండా పడి ఉన్న పాత ఉతుకు తొట్టిలోనే కూర్చునేది. తొట్టి లాంకాంగ్ గోడకు మూరెడు దూరంలో ఉంది. అంతకన్నా అధ్వాన్నమైన చోటు ఆ పెరట్లో ఇంకొకటి లేదు. కానీ పొదుగు పెట్టను బలవంతంగా చోటు మారిస్తే గుడ్లు వదిలేస్తుందని అమ్మా చెప్పింది, ఆంటీ చెప్పింది. కనుక మారవలసింది పెట్ట కాదు, తొట్టి చుట్టూ ఉన్న లోకం.

తొట్టిలో ఇసుక పోసి, పైన కొబ్బరి పీచు పరిచి, ఆంటీ గుడ్లను బేసి సంఖ్యలో అమర్చింది. బొగ్గుతో ఒక్కొక్క దాని మీద చిన్న గీత గీసింది, కొత్తగా పెట్టినవి కలిసిపోకుండా. ఫోన్ స్పీకర్లో మా అమ్మ ఉంది.

“వదినా, ఇనుము పెట్టారా?” అని అడిగింది అమ్మ. ఒక్కసారి కూడా చూసుకోని ఆ ఇద్దరూ అప్పటికే వదినా మరదళ్ళయ్యారు.

“పెట్టకుండా ఉంటానా? మేకు పెట్టా. ఇక్కడ ఉరుముల సంగతి నీకు తెలీదమ్మా, రోజూ మధ్యాహ్నం దీపావళే.”

“ఒక్క మేకు చాలదు వదినా! రోజూ ఉరుముతుంటే కత్తిపీట పెట్టండి.”

“కత్తిపీట పెడితే నేను కూరగాయలు పళ్ళతో తరగాలా?”

ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా పొదుగులో ఇనుము పెట్టడం మా రెండు ఇళ్ళలోనూ ఉన్న ఆచారం. దానికి ఆధారం ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. కానీ షెడ్డులో దొరికిన పాత గొళ్ళెం ముక్కను తుడిచి, మేకు పక్కన పెట్టింది నేనే.

ఆ తరువాత తొట్టికి పంజరం. నేను పాయా లేబర్‌లోని ఒక ఇంజినీరింగ్ ఆఫీసులో పని చేస్తాను. జురాంగ్ ఐలాండ్ కెమికల్ ప్లాంట్లలో ఏది ఎక్కడ లీకు కావచ్చు, ఎక్కడ అంటుకోవచ్చు అని ముందే ఊహించి అడ్డుకట్టలు సూచించడం మా పని. ఈసారి పెరటిని కూడా ఆ కళ్ళతోనే చూశాను. పాము తల పట్టే సందులో ఒళ్ళంతా పడుతుందని గుర్తుపెట్టుకుని కొలతలు తీశాను. హార్డ్‌వేర్ షాపులో మామూలు కోళ్ళ వల చూపిస్తే వద్దని, చిటికెన వేలు కూడా దూరని మందమైన ఇనుప వల తెచ్చాను. ఆదివారం అన్నయ్య గొణుగుతూనే వల పట్టుకుని నిలబడితే నేను తీగ చుట్టాను. నాలుగు పక్కలా, పైనా, అడుగునా కూడా. గూటి మీది సందునూ అదే వలతో మూసేశాను.

“నువ్వు కోడికి జైలు కడుతున్నావ్” అన్నాడు అన్నయ్య.

“దానికి కాదురా, నీ నోటికి” అంది ఆంటీ వంటింట్లోంచి.

వల బిగించాక నిశ్చింతగా నిద్రపోవలసింది. కానీ నా మనసులో ఒక ప్రశ్న మిగిలింది. ఆంటీ ఆ ఇంట్లో కాపురానికి వచ్చిన నాటి నుంచీ లాంకాంగ్ అక్కడే ఉంది. పాములూ ఉండే ఉంటాయి. ఇన్నేళ్ళూ కాలువలో తన దారిన తాను పోయిన పాము ఇప్పుడే గోడ ఎందుకు ఎక్కుతోంది? మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు మొదట చెప్పే మాట ఒకటుంది: గోడ కట్టే ముందు, వచ్చేది దేనికోసం వస్తోందో చూడమని. నేను ముందు గోడ కట్టేశాను.

జవాబు ఒక మంగళవారం ఉదయం పెరట్లోనే దొరికింది. ఆంటీ రాత్రి భోజనం అయ్యాక మిగిలిన అన్నాన్ని కోళ్ళ కోసం గూటి ముందు నేల మీద చల్లుతుంది. అది ఆమె అత్తగారి కాలం నుంచీ వస్తున్న పద్ధతి. మా ఇంట్లోనూ అంతే. అన్నాన్ని చెత్తలో వేసే చెయ్యి మా అమ్మది కాదు, నాదీ కాదు. నేను కూడా ఆఫీసు నుంచి తెచ్చిన డబ్బాలో మెతుకులు మిగిలితే అక్కడే దులిపేదాన్ని. ఆ ఉదయం గూటి తలుపు నేనే తీశాను. పెట్టలు ఇంకా దండెం మీదే ఉన్నాయి, ఒక్కటీ కిందికి దిగలేదు. ముందు రోజు చల్లిన అన్నం మాత్రం ఒక్క మెతుకు కూడా లేదు.

కోళ్ళు చీకటి పడేసరికి గూట్లో చేరతాయి. మా ఊళ్ళో భోజనాలు కూడా దీపాలు పెట్టే వేళకే అయిపోయేవి కాబట్టి చల్లిన మెతుకులు అవే ఏరుకుని తిని ముడుచుకునేవి. ఇక్కడ నేను ట్రైను దిగి ఇంటికి చేరేసరికే చీకటి పడుతుంది. ఆంటీ పాపం నేను వచ్చేదాకా తినదు. ఒకప్పుడు ఒంటరిగా పెందలాడే తినేసేదట, నేను అద్దెకు దిగాక భోజనం వెనక్కి జరిగింది. మెతుకులు నేల పడే వేళకు కోళ్ళు నిద్రలో ఉంటున్నాయి. మరి ఆ అన్నం ఎవరు తింటున్నారు? షెడ్డు గోడ వారన నల్లని చిన్న చిన్న పెంటికలు వరసగా కనిపించాయి. ఎలుకలు. ఎలుకల కోసం పాము. పాము వచ్చాక కోళ్ళు.

ఆ సాయంత్రం ఆంటీకి ఇది చెప్పడం వల బిగించడం కంటే కష్టమైంది.

“అంటే, అన్నం చెత్తబుట్టలో వెయ్యమంటావా?” ఆమె చేతిలోని గరిటె ఆగిపోయింది. “మా అత్త లేచి వస్తుంది అమ్మాయ్. ఆవిడ జపాన్ వాళ్ళ యుద్ధం రోజులు చూసిన మనిషి. కర్రపెండలం తిని బతికారు. ఒక్క మెతుకు కింద పడినా ఏరి కళ్ళకద్దుకునేది.”

“చెత్తలో వెయ్యమనను ఆంటీ. నేనూ వెయ్యలేను. రాత్రి మాత్రం నేల మీద వెయ్యవద్దు.”

“ఇన్నేళ్ళు వేశాను. అప్పుడు రాని పాము ఇప్పుడొచ్చిందా?”

“అప్పుడు మీరు పెందలాడే తినేవారు. కోళ్ళు తినేవి. ఇప్పుడు నా కోసం ఆగుతున్నారు.”

నిజానికి నన్ను దెప్పడానికి అది మంచి అవకాశం, కానీ ఆమె దెప్పలేదు. “అయితే రేపట్నుంచి నువ్వే తొందరగా రా. మీ బాసుతో చెప్పు, మా ఇంట్లో కోళ్ళు పడుకుంటాయని” అంది.

“ఆ అన్నంలో నీళ్ళు పోసి మూత పెట్టండి. పొద్దున్నే నేను పెడతాను.”

“చద్దన్నం ఎలా చెయ్యాలో నాకు నేర్పుతున్నావా?” అంటూనే ఆమె లేచి, పై అరలోంచి వాడకం తప్పిన ఒక మట్టి ముంత దించి కడిగింది. మిగిలిన అన్నం అందులో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, మూత మీద పొత్రం పెట్టింది. ఆ రోజు నుంచి ఆ పెరట్లో చీకటి పడ్డాక ఒక్క మెతుకు నేల పడలేదు. గోడ వారన పెంటికలు తగ్గుతూ వచ్చి, కనబడకుండా పోయాయి.

పొదుగు పెట్ట రోజుకొకసారి మాత్రమే లేస్తుంది. లేచి, తిని, తాగి, దుమ్ములో పొర్లి వెంటనే వెళ్ళి కూర్చుంటుంది. ఆ కాసేపూ గుడ్లు ఒంటరివి. కాలువ గట్టు మీద తిరిగే ఉడుములకు గుడ్లంటే ప్రాణం. కాబట్టి ఆఫీసుకు బయలుదేరే ముందు నేను పంజరం తలుపు తీసి, చేతికర్రతో తొట్టి పక్కన నిలబడేదాన్ని. ఆంటీ చద్దన్నం పిండి గుప్పెళ్ళతో ఎర్రపెట్టకు పెట్టేది. “మాకాన్, మాకాన్, తొందరగా తిను. ఈ అమ్మాయికి ట్రైను తప్పిపోతుంది” అని దాన్ని అదిలించేది. పెట్ట తీరిక పెట్టదే. రెండుసార్లు ట్రైను తప్పింది. ఆఫీసులో ఆలస్యానికి కారణం అడిగితే ఇంట్లో పని అని చెప్పాను. అది అబద్ధం కాదు.

మూడో వారం మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆకాశం బద్దలైనట్టు వాన కురిసింది. ఉరుములకు కిటికీ అద్దాలు అదిరాయి. ఆంటీ ఒక్కొక్క ఉరుముకూ షెడ్డు వైపు చూస్తూ, “కత్తిపీట పెట్టాల్సింది” అని రెండు మూడు సార్లు అంది. లాంకాంగ్ అంచుల దాకా పొంగింది. వాన తగ్గాక, టీ తాగి, అన్నయ్య చెప్పులు వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళాడు.

“అమ్మా! రాకు! నువ్వు రాకు!”

ఆ కేక విన్న ఆంటీ చీపురు తీసుకుని నాకంటే ముందు పరుగెత్తింది.

కొండచిలువ పంజరం మీద ఉంది. నా చేతి మందం, తడితో మెరుస్తున్న గోధుమ, నలుపు వల గళ్ళు. తోక ఇంకా గోడ మీదే ఉంది. తల మాత్రం నేను తీగ చుట్టిన కుట్టు వెంట మెల్లగా, తొందర లేకుండా జరుగుతోంది. ఒక గడిలో ముక్కు పెట్టి చూసింది, పట్టలేదు. పక్క గడికి వెళ్ళింది. లోపల ఎర్రపెట్ట ఈకలు ఉబ్బించి రెండింతలైంది, కానీ లేవలేదు. గుడ్ల మీద రెక్కలు ఇంకా కిందికి దించింది. పాము మూలకు చేరింది. ఆ మూలలో తీగ నేను చీకటి పడుతుండగా, హడావిడిగా చుట్టాను. అక్కడ ఎన్ని చుట్లు వేశానో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

మూల పట్టు నిలబడింది.

“కొట్టకండి ఆంటీ” అన్నాను, ఆమె చీపురు ఎత్తడం చూసి.

“కొట్టనే. బెదిరిస్తున్నా.”

“చీపురుకు బెదిరేది మేమే” అన్నాడు అన్నయ్య. వన్యప్రాణులను పట్టి తీసుకువెళ్ళే వాళ్ళకు ఫోన్ చేసింది అతనే. వాళ్ళు వచ్చేదాకా ముగ్గురమూ తడి నేల మీద నిలబడి దాన్నే చూస్తూ ఉన్నాము. అది పోయి పోయి మళ్ళీ అదే గడి దగ్గరికి వచ్చేది. దాని పట్టుదల కూడా చిన్నది కాదు. సంచితో వచ్చిన మనిషి మెడ వెనక పట్టుకుని నేర్పుగా దాన్ని సంచిలోకి దించాడు. దూరంగా అడవిలో వదులుతారట. “ఈ కాలువలో ఇదొక్కటే ఉండదు” అని మాత్రం చెప్పి వెళ్ళాడు.

అన్నయ్య పంజరం మూల దగ్గరికి వెళ్ళి తీగను వేలితో లాగి చూశాడు. కోళ్ళను ఇచ్చేద్దామన్న మాట ఆ రోజు ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు, “ఈ మూలకు ఇంకో రెండు చుట్లు వెయ్యి” అన్నాడు. అతను చూస్తుండగానే వేశాను.

ఆ వారం చివర్లో ఆంటీ తెల్లవారుతూనే నా గది తలుపు తట్టింది. నన్ను తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, పెట్ట కిందికి చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించింది. లోపల ఎవరో గోరుతో గీరుతున్నట్టు చప్పుడు. అంతలోనే సన్నగా, ‘కియ్’మని. మధ్యాహ్నానికి గుడ్లు చిట్లడం మొదలైంది. రెండు మురిగిపోయాయి. ఆ రెండింటికీ కారణం కత్తిపీట పెట్టకపోవడమేనని మా అమ్మ ఈనాటికీ అంటుంది. మిగిలిన పిల్లలు పెట్ట రెక్కల కిందినుంచి తలలు బయటపెట్టి మమ్మల్ని చూశాయి. అప్పటికీ ఆంటీ పొంగిపోలేదు. “అన్నీ పెట్టలే అయితే?” అంది.

ఆ ప్రశ్నకు జవాబు కోసం నెలలు ఆగవలసి వచ్చింది. ఆగినంత కాలమూ పంజరం తీగలు వారానికొకసారి లాగి చూశాను. మెతుకులు మట్టి ముంతలోనే ఉన్నాయి. పిల్లలు పెరిగి గూటికి మారాయి. వాటిలో ఒకదానికి తోక ఈకలు కాస్త వంపు తిరుగుతున్నాయని నాకు అనుమానం. ఆంటీ మాత్రం నమ్మడానికి ఒప్పుకోలేదు.

మొన్న ఒక ఉదయం ఆంటీ చద్దన్నం పిండుతుండగా ఆ వంపు తోకదే గూటి దండెం మీద నిటారుగా నిలబడి, మెడ సాచి, గొంతు పగిలిన బాకాలాంటి కూత ఒకటి కూసింది. సగంలోనే ఆగిపోయి, ఆ శబ్దం ఎక్కడిదని అదే చుట్టూ చూసుకుంది. ఆంటీ చేతి మెతుకులు చేతిలోనే ఉండిపోయాయి.

“హబీస్ కాలేదు అమ్మాయ్” అంది. ఇంకాసేపటికి, “పక్కింటివాళ్ళకు ఈ కూత అలవాటయ్యేదాకా నువ్వే వెళ్ళి సర్ది చెప్పాలి. చదువుకున్నదానివి” అంది.

చెబుతానన్నాను. ఆ సాయంత్రం చీకటి పడకముందే వచ్చి, గూటి తలుపు వేసి, పైసందు మీది వలను మరొకసారి చేత్తో తడిమి చూశాను.